వెదురు శాల: తేలిక కట్టడం, గట్టి లెక్క

ఏటా జూన్ 21వ తేదీన మన పాఠశాలల్లో యోగాసనాలు వేయిస్తారు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో చేసిన తీర్మానం వల్ల 2015 నుంచి ఆ రోజును అంతర్జాతీయ యోగా దినంగా జరుపుతున్నారు. ఆ ఒక్క రోజు సంగతి సరే. మిగిలిన రోజుల్లో మీరు ఆసనాలు ఎక్కడ వేస్తారు? తరగతి గదిలో వేద్దామంటే బల్లలు అడ్డం. వరండాలో పదిమందికి మించి చోటుండదు. మైదానంలో వేద్దామంటే ఎండ, లేదా వాన, లేదా పల్లేరుకాయలు. అందుకే చాలా బడులలో యోగా ఏడాదికి ఒక్కనాటి పండుగగా మిగిలిపోతున్నది.

జడ్చర్లనే తీసుకోండి. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద, సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఇది. చుట్టూ ఎర్ర చల్క నేలలు, రాతి గుట్టలు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండాకాలం చివర ఈదురుగాలులు, అప్పుడప్పుడు వడగళ్ళు. ఆ వెనుక నైరుతి వానలు. ఇటువంటి ఊరి బడిలో నలభైమంది విద్యార్థులు ఆసనాలు వేయడానికి ఒక శాల కట్టవలసి వస్తే దేనితో కట్టాలి?

మామూలుగా వినిపించే జవాబులు రెండు. ఒకటి సిమెంటు స్లాబు. రెండోది ఇనుప రేకులు. మూడో జవాబు కూడా ఉన్నది: వెదురు. ఈ మూడింటిలో వెదురే మేలని నా అభిప్రాయం. అయితే ఒక షరతు. చవక అని వెదురు వాడరాదు. లెక్క కట్టి వాడాలి. లెక్క లేకుండా కట్టిన వెదురు శాల కంటే చెట్టు నీడే నయం. ఎందుకో కలిసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఎంత చోటు కావాలి?

ఏ కట్టడానికైనా మొదటి ప్రశ్న అందంగా ఉంటుందా అన్నది కాదు. అందులో ఎవరు, ఎందరు, ఏం చేస్తారు అన్నది. ఒక విద్యార్థి చాప మీద పడుకుంటే పొడవు సుమారు 2 మీటర్లు కావాలి. రెండు చేతులూ చాచి పక్కవాడికి తగలకుండా ఉండాలంటే, వరుసలను కొంచెం ముందు వెనుకలుగా వేసుకున్నా, ఒక్కొక్కరికి 1.2 మీటర్ల వెడల్పు కావాలి. అంటే మనిషికి 2.4 చదరపు మీటర్లు. నలభైమందికి 96 చదరపు మీటర్లు. 8 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న శాల సరిపోతుంది. నడుమ స్తంభాలు ఉండరాదు. ఉంటే ఒకరి చెయ్యి, ఇంకొకరి కాలు వాటికే తగులుతాయి.

పాత గ్రంథాలు ఏమంటాయో చూడాలని మీకు అనిపించవచ్చు. 15వ శతాబ్దానికి చెందినదని భావించే హఠయోగప్రదీపికలో సాధకుడి కుటీరం వర్ణన ఉన్నది. తలుపు చిన్నదిగా ఉండాలనీ, కన్నాలూ పగుళ్ళూ ఉండరాదనీ, పేడతో అలకాలనీ, బయట మండపమూ బావీ ఉండాలనీ అందులో చెప్పారు. అది ఒంటరి సాధకుడి కోసం చెప్పిన మాట. శుభ్రత, నిశ్శబ్దం అన్నవి మనమూ తీసుకోవచ్చు. కన్నాలు లేని గది మాత్రం మనకు పనికిరాదు. నలభైమంది గట్టిగా ఊపిరి పీల్చి వదిలే చోట గాలి ఆడకపోతే బొగ్గుపులుసు గాలీ, ఉక్కా పెరుగుతాయి. గ్రంథాన్ని గౌరవించడమంటే అది ఎవరి కోసం రాసిందో తెలుసుకుని వాడుకోవడమే. మన శాలకు గోడలు వద్దు. ఎత్తయిన అరుగు, పైకప్పు, అవసరమైన వైపు తడకలు చాలు.

వెదురు చెట్టు కాదు, గడ్డి

వరి, జొన్న, చెరకు ఏ కుటుంబానికి చెందినవో వెదురూ ఆ కుటుంబానిదే. అది గడ్డి జాతి. నేలలోంచి మొలక ఎంత లావుతో వస్తే బొంగు జీవితాంతం అంతే లావు. చెట్టులా ఏటా లావెక్కదు. మొలిచిన రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తు పెరుగుతుంది. కాని ఎత్తు పెరిగినంత మాత్రాన గట్టిపడినట్టు కాదు. లోపలి నారలు బలపడటానికి మూడేళ్ళదాకా పడుతుంది. కట్టడానికి మూడు నుంచి ఐదేళ్ళ వయసున్న బొంగులే నరకాలి. లేత బొంగు ఎండితే ముడుచుకుపోతుంది. ముదురు బొంగులను నరికినా పొద చావదు. మళ్ళీ మొలకలు వేస్తుంది. టేకు దూలం కావాలంటే ఒక తరం ఆగాలి. వెదురు మాత్రం మీరు ఆరో తరగతిలో నాటితే మీరు బడి వదిలి కాలేజీలో చదివే రోజులకు పనికొస్తుంది.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. వృక్షశాస్త్రం గడ్డి అన్నా, మన చట్టం చాలాకాలం వెదురును చెట్టు అనే అన్నది. 1927 నాటి భారత అటవీ చట్టం చెట్ల జాబితాలో వెదురును చేర్చింది. దానివల్ల రైతు తన పొలం గట్టున పెంచిన వెదురును నరికి తరలించాలన్నా అనుమతుల చిక్కులు వచ్చేవి. 2017లో చట్టాన్ని సవరించి, అడవి కాని నేలల్లో పెరిగే వెదురును ఆ జాబితా నుంచి తీసేశారు. ఒక మాటకు సరైన అర్థం చెప్పడానికి 90 ఏళ్ళు పట్టింది. సైన్సు పాఠం కేవలం పరీక్ష కోసమేనని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేయండి.

బోలుగా ఉంటే బలమెలా?

ఇప్పుడు మొదటి లెక్క. ఒక వెదురు గడ బయటి వ్యాసం 8 సెంటీమీటర్లు, గోడ మందం 1 సెంటీమీటరు అనుకోండి. లోపలి బోలు వ్యాసం 6 సెంటీమీటర్లు. కోసిన చోట పదార్థం వైశాల్యం సుమారు 22 చదరపు సెంటీమీటర్లు. అంతే పదార్థాన్ని బోలు లేకుండా గట్టి కడ్డీగా చేస్తే దాని వ్యాసం 5.3 సెంటీమీటర్లే అవుతుంది. వంపును ఎదిరించే శక్తి, గట్టి కడ్డీలో వ్యాసాన్ని నాలుగుసార్లు గుణిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. గొట్టానికైతే బయటి వ్యాసం అంకె నుంచి లోపలి వ్యాసం అంకెను తీసేయాలి. గొట్టానికి: 4096 నుంచి 1296 తీస్తే 2800. కడ్డీకి: సుమారు 784. అంటే అదే బరువున్న పదార్థం గొట్టంగా మారేసరికి మూడున్నర రెట్లు బిగువుగా నిలుస్తుంది. సైకిలు చట్రాన్ని గొట్టాలతో చేసేది ఇందుకే.

ఇక కణుపుల సంగతి. పొడవాటి గొట్టాన్ని వంచితే గొట్టం నలిగి చప్పిడి అవుతుంది. వెదురులో ప్రతి కణుపు దగ్గరా లోపల ఒక అడ్డుగోడ ఉంటుంది. అది గొట్టాన్ని నలగనివ్వదు. చీలికను కూడా కొంతవరకు ఆపుతుంది.

వెదురు ఉక్కు కంటే బలమైనదని మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. ఆ మాట సగమే నిజం. నారల పొడవునా లాగినప్పుడు వెదురు మామూలు ఉక్కుకు సాటి రాగల బలం చూపుతుంది. బరువును బట్టి లెక్కిస్తే ఉక్కునే మించుతుంది, ఎందుకంటే ఘన మీటరు ఉక్కు 7850 కిలోలు, వెదురు 600 నుంచి 800 కిలోలు. కాని సాగకుండా, వంగకుండా ఉండే గుణంలో వెదురు ఉక్కులో పదోవంతు మాత్రమే. అడ్డంగా లాగితే, మేకు కొడితే ఇట్టే చీలుతుంది. అందుకే వెదురుకు మేకులు కొట్టరాదు. బెజ్జం తొలిచి బోల్టు వేయాలి. బోల్టు ఉన్న కణుపుల మధ్య బోలును సిమెంటు ఇసుక ముద్దతో నింపాలి. వెదురు కట్టడం బలమంతా బొంగులో కాదు, అతుకులో ఉన్నది.

పరాయి ఆకారం వద్దు

బాలి దీవిలో 2008లో మొదలైన గ్రీన్ స్కూల్ వెదురు భవనాల బొమ్మలు మీరు చూసి ఉంటారు. థాయిలాండులోని చియాంగ్ మాయ్ నగరంలో ఒక పాఠశాలకు 2017లో వెదురు ఆటల శాల కట్టారు. 17 మీటర్లకు మించిన వెడల్పును నడుమ స్తంభం లేకుండా వెదురు కమానులే మోస్తున్నాయి. బెంగుళూరు విమానాశ్రయంలో 2022లో ప్రారంభమైన రెండో టెర్మినల్ లోకప్పు నిండా వెదురే కనిపిస్తుంది. హైదరాబాదులో బాంబూ హౌస్ ఇండియా అనే సంస్థ వెదురు గదులు కడుతున్నది. కనుక ఇది ఊహ కాదు.

అయితే ఆ బొమ్మలు చూసి మనమూ అలాగే కడదామంటే పొరపాటు. అక్కడి వెదురు వేరు, మన వెదురు వేరు. జడ్చర్లకు ఆగ్నేయంగా ఉన్న నల్లమల అడవుల్లో ఎక్కువగా పెరిగేది సాధనపు వెదురు. ఇది పొడి నేలలను తట్టుకుంటుంది. లావు తక్కువ, మూడు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. బోలు కూడా తక్కువ. కొన్ని చోట్ల దాదాపు గట్టి కర్రలాగే ఉంటుంది. లాఠీకర్రలకు దీన్నే వాడేది ఇందువల్లనే. లావైన బొంగులతో నిలిపే పెద్ద స్తంభాల పథకం దీనికి నప్పదు. మూడు నాలుగు సన్నని గడలను కట్టగా బిగించి కమానుగా వంచే పథకం నప్పుతుంది. బోలు తక్కువ కనుక అతుకుల దగ్గర నలిగే భయమూ తక్కువే. 8 మీటర్ల వెడల్పుకు ఇటువంటి కమానులు చాలు. ఆకారం మన బొంగును బట్టి రావాలి గాని, పత్రికలో బొమ్మను బట్టి కాదు.

నమ్మకం సంగతి కూడా చెప్పాలి. జర్మనీలోని హనోవర్ నగరంలో 2000 సంవత్సరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. కొలంబియా దేశపు వాస్తుశిల్పి సిమోన్ వేలెస్ అక్కడ 40 మీటర్ల వ్యాసం గల వెదురు మండపం కడతానన్నారు. వెదురు మీద జర్మను అధికారులకు నమ్మకం కుదరలేదు. ఆయన వాదనకు దిగలేదు. అచ్చు అదే మండపాన్ని ముందుగా కొలంబియాలో కట్టి, బరువులు పెట్టి పరీక్షించి చూపారు. ఆ తర్వాతే హనోవర్‌లో అనుమతి దొరికింది. కొత్త పదార్థానికి సైన్సు ఇచ్చే మర్యాద ఇదే: వెక్కిరించదు, గుడ్డిగా నమ్మదు, పరీక్షిస్తుంది.

కూలుతుందా, ఎగురుతుందా?

మన రెండో లెక్క అన్నిటికన్నా ముఖ్యమైనది. 8 × 12 మీటర్ల శాలకు చుట్టూ ఒక మీటరు చూరు వదిలితే కప్పు 10 × 14 మీటర్లు, అంటే 140 చదరపు మీటర్లు. 12 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు తూగుతుంది. మొత్తం 42 టన్నులు. వెదురు కమానులు, వాసాలు, పై కప్పు కలిపి చదరపు మీటరుకు 30 కిలోలు అనుకుంటే మొత్తం 4.2 టన్నులు. స్లాబులో పదోవంతు. ఇంత తేలిక కనుక పునాది చిన్నదైనా మోస్తుంది. పొరపాటున కూలినా ప్రమాదం తక్కువ.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మీరు ఆగవద్దు. తేలికైనదానికి శత్రువు తన బరువు కాదు, గాలి.

జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి అనే ఇటుకల జైన ఆలయం ఉన్నది. వెయ్యేళ్ళు దాటిన కట్టడం. ఎన్ని గాలివానలు వచ్చినా దాన్ని లేపలేకపోయాయి. దాని బరువే దాని లంగరు. వెదురు శాలకు ఆ బరువు లేదు.

గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. ఉదాహరణకు సెకనుకు 40 మీటర్ల గాలి అనుకోండి. గంటకు 144 కిలోమీటర్లు. 40 × 40 × 0.6 = 960 న్యూటన్లు. అంటే సుమారు 98 కిలోల బరువు. గోడలు లేని శాలలో గాలి కప్పును కిందినుంచి తోస్తుంది, పైనుంచి లాగుతుంది. ఆ రెండూ కలిసి ఇంత శక్తితోనే కప్పును లేపుతున్నాయని అనుకుంటే 140 చదరపు మీటర్లకు 13.7 టన్నులు. కప్పు బరువు 4.2 టన్నులు పోగా మిగిలేది 9.5 టన్నులు. అంటే ఆ క్షణాన కప్పు బరువుగా కిందికి దిగడం లేదు. గాలిపటంలా పైకి లాగుతున్నది!

దీన్ని పట్టి ఉంచాలి. శాల చుట్టూ 12 స్తంభాలు ఉంటే ఒక్కొక్కదాని మీద సుమారు 800 కిలోల లాగుడు. ఘన మీటరు కాంక్రీటు 2400 కిలోలు. కనుక ఒక్కొక్క స్తంభం కింద నిలువు, అడ్డం, లోతు 70 సెంటీమీటర్లు ఉండే కాంక్రీటు దిమ్మె కావాలి. అది 823 కిలోలు తూగుతుంది. ఇది విద్యార్థుల అంచనా మాత్రమే. అసలు కట్టేటప్పుడు ఆ ఊరి గాలి వేగం, కప్పు వాలు, భద్రత కోసం అదనపు బలం అన్నీ చూసి ఇంజనీరు లెక్క వేయాలి. ఆయనకు దారి చూపే ప్రమాణాలు ఉన్నాయి. మన జాతీయ భవన నియమావళిలో వెదురుకు ప్రత్యేక భాగం ఉన్నది. వెదురు కట్టడాల రూపకల్పనకు భారతీయ ప్రమాణం 15912 ఉన్నది.

ఈ లెక్కలో ఒక నీతి కూడా దాగి ఉన్నది. వెదురు శాల అంటే సిమెంటు అసలే లేని శాల కాదు. కప్పులో మిగిల్చినదాంట్లో కొంత నేలలో పెట్టక తప్పదు. సిమెంటు తయారీ వల్ల ప్రపంచంలో మనుషులు విడిచే బొగ్గుపులుసు గాలిలో సుమారు 7, 8 శాతం వస్తున్నది కనుక మిగిలినది మిగిలినట్టే. కాని పూర్తిగా ప్రకృతి కట్టడం అని బోర్డు పెట్టుకోవడం నిజాయితీ కాదు.

పురుగు, చెద, తడి

వెదురు బుట్ట అడుగున పసుపు రంగు పిండి రాలడం మీ ఇంట్లో చూసే ఉంటారు. అది పుచ్చు పురుగు పని. పురుగుకు కావలసింది నార కాదు, బొంగులోని పిండి పదార్థం. ఆ పిండి తగ్గిస్తే పురుగు తగ్గుతుంది. మన పెద్దలు వానాకాలం వెళ్ళాక, చలికాలంలో బొంగులు నరికేవారు; కొన్ని వారాలు చెరువు నీటిలో నానబెట్టేవారు. నీటిలో చక్కెరలు, పిండి కొంత కరిగిపోతాయి. అది వట్టి ఆచారం కాదు, ఆచరణలో తేలిన రసాయనశాస్త్రం.

మీరే పరీక్ష చేయవచ్చు. ఒకే బొంగు నుంచి రెండు ముక్కలు కోయండి. ఒకటి నాలుగు వారాలు నీటిలో ఉంచండి. వారానికోసారి నీరు మార్చండి. రెండోది ఊరికే నీడన ఉంచండి. తర్వాత రెండింటినీ కొత్తగా కోసి, కోసిన చోట టింక్చర్ అయొడిన్ చుక్క వేయండి. నీలి నలుపు రంగు ఎక్కడ ఎక్కువగా వచ్చిందో అక్కడ పిండి ఎక్కువ. రెండింటినీ వేరువేరు డబ్బాలలో ఆరు నెలలు ఉంచి ఏది పుచ్చుతుందో రాసుకోండి.

కట్టడానికి మాత్రం నానబెట్టడం ఒక్కటే చాలదు. వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం బొంగులోకి ఇంకించాలి. ఇది పెద్దలు, తెలిసినవారు చేయవలసిన పని. ఏ శుద్ధీ చేయని వెదురును నేలలో పాతితే ఒకటి నుంచి మూడేళ్ళలో పాడవుతుంది. కప్పు కింద నేలకు తగలకుండా ఉంటే నాలుగైదేళ్ళు, ఒక్కోసారి ఏడేళ్ళు ఆగుతుంది. శుద్ధి చేసి, తడి తగలకుండా కాపాడితే 15 ఏళ్ళకు మించి నిలుస్తుంది. వెలిగారం వాన నీటిలో కొట్టుకుపోయే గుణం కలది. కనుక వెదురుకు మంచి టోపీ, మంచి చెప్పులు కావాలి: పైన దిగువకు దిగిన చూరు, కింద రాతి దిమ్మె. స్తంభం ఎన్నడూ మట్టిని తాకరాదు.

కాలాన్ని గురించి ఇంకొక మాట. వెదురు పెరిగేటప్పుడు గాలిలోని కర్బనాన్ని తీసుకుంటుంది. కట్టడంలో ఉన్నన్నాళ్ళూ అది అక్కడే ఉంటుంది. కుళ్ళితే, కాలితే మళ్ళీ గాలిలో కలుస్తుంది. మూడేళ్ళకు కుళ్ళే వెదురు శాల వాతావరణానికి చేసే మేలు పెద్దగా ఏమీ ఉండదు. మన్నిక లేని పచ్చదనం మాటల్లోనే పచ్చదనం.

నిప్పు సంగతి దాచరాదు

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. వంటశాల నిప్పు పూరి కప్పుకు అంటుకున్నది. పై అంతస్తులో ఉన్న పసిపిల్లలు ఇరుకు మెట్ల మీదుగా బయటపడలేకపోయారు. వెదురు శాల కావాలనే వారెవరైనా ముందు ఈ సంఘటనకు జవాబు చెప్పాలి.

నా జవాబు ఇది. తాటాకు, గడ్డి కప్పు బడిలో వద్దు, ఎంత చల్లగా ఉన్నా వద్దు. వెదురూ కాలుతుంది. కనుక శాల ఒకే అంతస్తుగా, నాలుగు వైపులా తెరిచి ఉండాలి. ఎవరు ఎటు లేచినా పది అడుగుల్లో బయట ఉండాలి. వంటగదికి దూరంగా ఉండాలి. కరెంటు తీగలు వెదురును తాకుతూ పోరాదు. ఇసుక, నీరు ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఈ నాలుగూ కుదరని బడిలో వెదురు శాల కట్టవద్దనే చెబుతాను.

మరి కప్పు దేనితో? ఒట్టి రేకు ఎండకు కాలి, కింద కూర్చున్నవారి మీద వేడిని కురిపిస్తుంది. వెదురు చాపలను జిగురుతో అతికి, ఒత్తి, అలలు తేలిన రేకులుగా చేసే పద్ధతిని బెంగుళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ రూపొందించింది. అవి దొరికితే మంచిదే. లేకుంటే పెంకులు వేయవచ్చు. బరువు పెరుగుతుంది కాని గాలికి కాస్త లంగరు కూడా అవుతుంది. ఏది వేసినా లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి.

సూర్యుడు ఉత్తరాన!

జడ్చర్ల సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త తక్కువలో ఉన్నది. కర్కటరేఖ దానికి ఉత్తరాన ఉన్నది కనుక మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకు ఉంటాడు. దక్షిణం వైపే చూరు పెంచితే చాలనే పుస్తకాల సలహా ఇక్కడ చెల్లదు. అన్ని వైపులా చూరు కావాలి. ఆసనాలు వేసేది పొద్దున్నే కనుక తూర్పు ఎండ కళ్ళలో పడుతుంది. శాల పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, ఇరుకైన ఆ రెండు కొసలకు తడకలు కట్టాలి. ఉత్తర దక్షిణాలు తెరిచి ఉంచాలి. నేలకు తాండూరు నాపరాయి పరిస్తే పొద్దుటిపూట చల్లగా ఉంటుంది, తుడవడం తేలిక.

ఎవరి చెయ్యి?

మన పల్లెల్లో వెదురు అంటే మేదరి వారి పని. గంపలు, చాటలు, తట్టలు, తడకలు తరతరాలుగా వారి చేతుల్లోనే తయారవుతున్నాయి. బొంగును తట్టి చూసి వయసు చెప్పగల అనుభవం వారిది. ప్లాస్టిక్ తట్టలు వచ్చి ఆ పనికి గిరాకీ తగ్గింది. మేదరి అల్లిన చాటకు పది రూపాయలు తగ్గించమని బేరం ఆడతాం. అదే వెదురు విహార కేంద్రంలో కుర్చీగా కనిపిస్తే పర్యావరణ హితమని మెచ్చుకుంటాం. పదార్థం ఒకటే, మనం చూసే చూపు వేరు. బడిలో శాల కడితే మేదరి వారిని కూలీలుగా కాదు, ఇంజనీరు పక్కన కూర్చునే నిపుణులుగా పిలవాలి. లెక్క ఒకరిది, చెయ్యి ఒకరిది. రెండూ కలవకపోతే శాల నిలవదు.

పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువలు కట్టడానికి దేశమంతా తిరిగారు. ఎక్కడెక్కడో కట్టిన చేతులకు సొంత జిల్లాలో, నీడపట్టున, నైపుణ్యం పెంచే పని దొరకడం చిన్న సంగతి కాదు.

జడ్చర్లకు వచ్చే దారిలోనే, రంగారెడ్డి జిల్లా చేగూరు దగ్గర కాన్హా శాంతివనంలో లక్షమంది కూర్చోగల ధ్యాన మందిరం 2020లో ప్రారంభమయింది. మన బడికి అంత అక్కరలేదు. నలభైమందికి చాలినంత నీడ కావాలి, అది రోజూ వాడుకునేదై ఉండాలి.

చివరగా ఒక హద్దు గీయాలి. వెదురు శాల తరగతి గదికి బదులు కాదు. తరగతి గదులు లేని బడికి వెదురు పందిరి వేసి, ఇదే మీ భవనం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చదువుకు పక్కా గది మీ హక్కు. ఆ తర్వాతే ఈ శాల.

మీరు ఇప్పుడే చేయగలిగింది కొంత ఉన్నది. బడి గోడ వెంట నాలుగు వెదురు పొదలు నాటండి. అయొడిన్ పరీక్ష చేయండి. కాగితపు గొట్టాలతో 8 × 12 సెంటీమీటర్ల నమూనా శాల కట్టి, ఫ్యాను ముందు పెట్టి, ఎంత గాలికి లేస్తుందో చూడండి. స్తంభాల కింద రూపాయి నాణేలు అతికించి మళ్ళీ చూడండి. ఎన్ని నాణేలకు నిలిచిందో రాసుకుని మీ సైన్సు మాస్టారికి చూపండి. రేపు మీ బడిలో శాల సంగతి చర్చకు వచ్చిన రోజున, వెదురు బాగుంటుందండీ అని ఊరుకోకుండా, ఎంత గాలికి, ఎంత దిమ్మెతో, ఎన్నేళ్ళకు నిలుస్తుందో అంకెలతో చెప్పగలిగితే పెద్దలు తప్పక వింటారు.